మొదటి ఫిల్మ్ కెమెరా: కొత్త ప్లాస్టిక్‌దా, పాత ఇనుపదా?

పోయిన దసరాకి ముందు మా అన్నయ్య కూతురు వాట్సాప్‌లో రెండు ఫోటోలు పంపింది. ఒకటి పసుప్పచ్చ ప్లాస్టిక్ కెమెరా, సీలు కూడా తియ్యని డబ్బాతో. రెండోది పాత ఇనుప కెమెరా, పెంటాక్స్ కె1000, పక్కన తోలు కేసు, కింద ఎవరింట్లోదో పూల దుప్పటి. "బాబాయ్, రెండిట్లో ఏది కొనను? సాయంత్రంలోగా చెప్పు. లేకపోతే ఇంకొకళ్లకి ఇచ్చేస్తానంటున్నాడు" అని కింద మెసేజ్.

తొందరపెట్టేవాడి దగ్గర పాత కెమెరా కొనకు అని మాత్రం వెంటనే జవాబిచ్చాను. మిగతాది ఆదివారం తను ఇంటికొచ్చినప్పుడు రెండు గంటలు కూర్చుని మాట్లాడుకున్నాం. ఆ తర్వాత ఇద్దరు ముగ్గురు ఇదే ప్రశ్న అడిగారు కాబట్టి, ఒకచోట రాసి పెడుతున్నాను.

ముందు రీలు ఖర్చు

కెమెరా ధర గురించి తల బద్దలు కొట్టుకునే ముందు రీలు ధర చూడండి. 36 ఫోటోల కలర్ రీలు, కోడక్ గోల్డ్ 200 లాంటిది, ఇప్పుడు వెయ్యి రూపాయలకి అటూ ఇటూ ఉంటోంది. కడిగించి స్కాన్ చేయిస్తే ఇంకో నాలుగైదు వందలు. చాలా ఊళ్లలో కొరియర్ ఖర్చు అదనం, ఎందుకంటే వీధి చివరి స్టూడియోలో కలర్ ఫిల్మ్ కడిగే మిషన్ ఎప్పుడో పాత ఇనుముకి వెళ్లిపోయింది. లెక్క సులువుగా ఉండటానికి రీలుకి 1,500 అనుకుందాం. నెలకి ఒక్కటి తిప్పినా ఏడాదికి 18,000. ఫోటోకి 40 రూపాయల పైమాటే. మా నాన్నగారు 36 రీలుని జాగ్రత్తగా ఎక్కించి 38 ఫోటోలు లాగేవారు. అప్పట్లో ఆయన్ని పిసినారి అనుకునేవాళ్లం. ఇప్పుడు నేనూ అదే చేస్తున్నాను.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, 4,000 కెమెరాకీ 10,000 కెమెరాకీ ఉన్న తేడా నాలుగు రీళ్లతో సరి. అసలు చూసుకోవాల్సింది వేరే ఉంది. చేతిలో ఉన్న కెమెరా ఒక రీలు మొత్తాన్ని పాడుచేసే అవకాశం ఎంత? పాడవకుండా వస్తే, ఆ 36 ఫోటోలు ఎంత బాగుంటాయి? కొత్త కెమెరాకి మొదటి ప్రశ్నలో మంచి మార్కులు పడతాయి, పాతదానికి రెండోదాంట్లో. ఈ పోలిక అంతా ఆ రెండు ప్రశ్నల మధ్యే నడుస్తుంది.

కొత్తవాటిలో ఏముంది

కొత్త ఫిల్మ్ కెమెరా అనగానే పాత నికాన్, కెనాన్‌లే కొత్తగా తయారై వస్తున్నాయని కొందరు అనుకుంటారు. రావట్లేదు. మామూలు మనిషి కొనగలిగే ధరలో కొత్తగా దొరికేవన్నీ దాదాపు ఒకే జాతి: ప్లాస్టిక్ బాడీ, మార్చే వీలులేని ఫోకస్, ఒకే ఒక్క షట్టర్ స్పీడు (ఫిల్మ్ మీద వెలుగు పడే సమయం), చిన్న ఫ్లాష్. కోడక్ ఎం35, ఇల్ఫర్డ్ స్ప్రైట్ 35-II ఈ కోవలోవే. కోడక్ ఎక్టార్ హెచ్35 కూడా ఇంతే కానీ అది హాఫ్ ఫ్రేమ్. ఒక ఫ్రేము జాగాలో రెండు ఫోటోలు పడతాయి, 36 రీలుకి 72 వస్తాయి. పేరు కోడక్‌దే అయినా తయారుచేసేది లైసెన్స్ తీసుకున్న వేరే కంపెనీ, రెటో. అందులో తప్పేమీ లేదు. డబ్బా మీద పేరు చూసి మీ తాతగారి కోడక్‌లా ఉంటుందని మాత్రం ఆశపడొద్దు.

వీటి లెన్స్ ఎంత వెలుగు లోపలికి రానిస్తుందో చూస్తే వాటి స్వభావం తెలిసిపోతుంది. ఎం35 లెన్స్ ఎఫ్ 10 (ఈ అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుగు లోపలికి వస్తుంది), షట్టర్ సెకనులో 120వ వంతు. రెండూ మారవు. ఎర్రటి ఎండలో 400 స్పీడు ఫిల్మ్ (ఈ అంకె పెరిగేకొద్దీ ఫిల్మ్‌కి తక్కువ వెలుగు చాలు) వేస్తే అవసరం కన్నా చాలా ఎక్కువ వెలుగు పడుతుంది, కలర్ నెగటివ్ దాన్ని హాయిగా తట్టుకుంటుంది. మబ్బు పట్టినా పరవాలేదు. పొద్దు వాలిందా, ఇక ఫ్లాష్ వెయ్యాల్సిందే. ఆ ఫ్లాష్ అందేది రెండు మూడు మీటర్లే.

ఒక పెళ్లి ఊహించుకోండి. ఫంక్షన్ హాల్లో మీరు ఆరో వరసలో కుర్చీలో ఉన్నారు. మండపం మీద జీలకర్ర బెల్లం పెడుతున్నారు. మీ కంటికి అంతా ధగధగలాడుతోంది. ఈ ప్లాస్టిక్ కెమెరాతో తీస్తే ముందు వరసలో కూర్చున్న మావయ్య బట్టతల తెల్లగా వెలుగుతుంది, పెళ్లికూతురు చీకట్లో కలిసిపోతుంది. అదే చోట 50 ఎంఎం ఎఫ్ 2 లెన్స్ ఉన్న పాత కె1000తో, సెకనులో 30వ వంతు పెట్టి, ఊపిరి బిగబట్టి నొక్కారనుకోండి. లెన్స్ వల్ల 25 రెట్లు, షట్టర్ వల్ల 4 రెట్లు, మొత్తం 100 రెట్ల వెలుగు ఫిల్మ్ మీద పడుతుంది. ఇక్కడ మీ నైపుణ్యం పెద్దగా లెక్కలోకి రాదు, ఇది లెన్స్‌లో, షట్టర్‌లో ఉన్న తేడా.

ఇంకో చిక్కు, మీటరు కన్నా దగ్గరగా ఉన్నదేదీ వీటిలో స్పష్టంగా రాదు. చెయ్యి చాపి సెల్ఫీ తీసుకుంటే ముఖాలు మసక, వెనక ఉన్న కొండ మాత్రం బ్రహ్మాండం.

అయినా వీటికి నా దగ్గర గౌరవం ఉంది. బరువు లేదు, భయం లేదు. గోవా వెళ్లే కాలేజీ గుంపు చేతిలో పెడితే ఇసకలో పడేసినా ఏడవక్కర్లేదు. ఎవరి చేతికిచ్చినా నొక్కేస్తారు. ఒక్కసారి వాడి పారేసే కెమెరాలు కొనడం కన్నా ఇది నయం.

పెంటాక్స్ 17 సంగతి వేరు. 2024లో వచ్చింది, ఈ మధ్య కాలంలో పెద్ద కంపెనీ ఒకటి నిజంగా కొత్తగా రూపొందించిన ఫిల్మ్ కెమెరా ఇదే. హాఫ్ ఫ్రేమ్, 25 ఎంఎం ఎఫ్ 3.5 లెన్స్, వెలుగు కొలిచే మీటర్ ఉంది, ఫోకస్‌కి మాత్రం దూరం మనమే అంచనా వేసి తిప్పాలి. అమెరికాలో 500 డాలర్లకి విడుదల చేశారు. మన దగ్గరికి వచ్చేసరికి ఎంతవుతుందో చెప్పక్కర్లేదు. మంచి కెమెరా. కానీ "బేసిక్" కెమెరా కోసం వెతికేవాళ్లకి ఇది సైకిల్ కొందామని వెళ్లి బుల్లెట్ బండి తెచ్చుకోవడం లాంటిది. వారంటీ కావాలి, రిపేర్ షాపుల చుట్టూ తిరిగే ఓపిక లేదు, డబ్బుకి ఇబ్బంది లేదు అనేవాళ్లకి సరిపోతుంది.

పాతవాటిలో నాలుగు రకాలు

మొదటిది ఇంట్లో దొరికేది. కొనే ముందు అమ్మమ్మగారింటి బీరువా పైన, అటక మీద, పెట్టెల్లో ఒకసారి వెతకండి. తొంభైల్లో ఫోటోలు దిగిన ప్రతి మధ్యతరగతి ఇంట్లో ఒక యాషికా ఎంఎఫ్-2 సూపరో, కోడక్ కేబీ10నో ఉండేది. ఎంఎఫ్-2 లెన్స్ ఎఫ్ 3.8, ఈనాటి ప్లాస్టిక్ వాటికన్నా మెరుగు. ఖరీదు సున్నా. అయితే ఆగ్ఫా క్లిక్-III దొరికితే మాత్రం సంబరపడే ముందు ఆగండి. అందులోకి 35 ఎంఎం రీలు వెళ్లదు. దానికి 120 అనే వెడల్పు ఫిల్మ్ కావాలి, 12 ఫోటోలే వస్తాయి, కడిగేవాళ్లూ తక్కువ.

రెండోది పూర్తిగా గేర్లు, స్ప్రింగుల మీద నడిచే ఎస్ఎల్ఆర్, అంటే లెన్స్‌లోంచే చూసి తీసే కెమెరా. పెంటాక్స్ కె1000 (1976 నుంచి 1997 దాకా చేశారు), నికాన్ ఎఫ్ఎం, ఎఫ్ఎం2, మన దేశంలో విరివిగా తిరిగిన నికాన్ ఎఫ్ఎం10, రష్యన్ జెనిత్. బ్యాటరీ అయిపోయినా షట్టర్ పనిచేస్తుంది, బ్యాటరీ కావాల్సింది మీటర్‌కే. కె1000కి మీటర్ ఆపే స్విచ్ లేదు, లెన్స్ మూత పెట్టకపోతే బ్యాటరీ ఊరికే తాగేస్తుంది. జెనిత్ చవక, కానీ మెడకి తగిలించుకుంటే రోకలిబండ మోస్తున్నట్టే ఉంటుంది.

మూడోది నా దృష్టిలో అందరూ చిన్నచూపు చూసేది: తొంభైల చివర్లో, రెండు వేల మొదట్లో వచ్చిన ఆటోఫోకస్ ఎస్ఎల్ఆర్‌లు. కెనాన్ ఈఓఎస్ 300, నికాన్ ఎఫ్65, ఎఫ్80 లాంటివి. చూడ్డానికి అందం లేదు, బూడిదరంగు ప్లాస్టిక్. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోవడానికి పనికిరావు కాబట్టే ధర తక్కువ. రీలు పెట్టి తలుపు మూస్తే అదే ఎక్కించుకుంటుంది, అయిపోతే అదే వెనక్కి చుట్టుకుంటుంది. ఇంట్లో కెనాన్ డీఎస్ఎల్ఆర్ ఉంటే దాని ఈఎఫ్ లెన్స్ దీనికి నేరుగా పడుతుంది. ఈఎఫ్-ఎస్ అని రాసి ఉన్నది మాత్రం పట్టదు. ఒక 50 ఎంఎం ఎఫ్ 1.8 ఉంటే ఇంకేం కావాలి?

నాలుగోది జేబులో పట్టే ఆటోమేటిక్ కాంపాక్ట్‌లు. ఒలింపస్ మ్యూ-II లాంటివి నిజంగానే మంచి కెమెరాలు. కానీ పేరు పడి ధరలు ఆకాశానికెక్కాయి, లోపల సర్క్యూట్ పోతే బాగుచేసేవాళ్లు దాదాపు లేరు. పది వేలు పోసి కొన్నది రేపు తెరుచుకోకపోతే పేపర్‌వెయిట్‌గా వాడుకోవాల్సిందే. మొదటి కెమెరాగా వద్దు.

ఈ జాబితాలో పట్టని ఒకటి ఉంది, ఒలింపస్ ట్రిప్ 35. బ్యాటరీయే అక్కర్లేదు, లెన్స్ చుట్టూ ఉన్న బుడిపెల గాజు కింద సెలీనియం సెల్ వెలుగుని కొలుస్తుంది. వెలుగు చాలకపోతే వ్యూఫైండర్‌లో ఎర్ర జెండా లేస్తుంది, బటన్ నొక్కినా పడదు. సెల్ బతికే ఉందో లేదో కనుక్కోవడం తేలిక. ముందు మంచి వెలుగులో నొక్కండి, ఎర్ర జెండా రాకూడదు. తర్వాత ఆ గాజుని అరచేత్తో మూసి నొక్కండి, జెండా రావాలి. రెండూ సరిపోతే సగం భయం తీరినట్టే.

నా గండికోట రీలు

పాతది కొని దెబ్బతిన్న కథ ఒకటి చెబుతాను. కొన్నేళ్ల క్రితం ఒక షాపులో ఎస్ఎల్ఆర్ కొన్నాను. "ఫుల్ సర్వీసింగ్ చేశాం సార్" అన్నారు. పైపైన చూశాను, తళతళలాడుతోంది, క్లిక్ చప్పుడు ముచ్చటగా ఉంది. మరుసటి వారమే గండికోట వెళ్లాం. మిట్టమధ్యాహ్నం ఎండ, కింద పెన్నా లోయ, రాళ్లన్నీ ఎర్రగా. వెలుగు ఎక్కువ కాబట్టి అన్నీ సెకనులో 1000వ వంతు పెట్టి తీశాను. రీలు కడిగించి చూస్తే లోయ ఫోటోలన్నింటికీ కుడివైపు మూడోవంతు నల్లటి పట్టీ. సాయంత్రం జామా మసీదు దగ్గర 60వ వంతులో తీసిన నాలుగు మాత్రం శుభ్రంగా ఉన్నాయి.

షట్టర్‌లో రెండు తెరలుంటాయి. మొదటిది తెరుచుకుంటూ పోతే రెండోది దాని వెనకే మూసుకుంటూ వస్తుంది. ఎక్కువ స్పీడులో ఆ రెండింటి మధ్య సన్నటి చీలిక మాత్రమే ఉంటుంది. లోపలి గ్రీజు గట్టిపడి మొదటి తెర నెమ్మదిస్తే రెండోది దాన్ని దాటి మూసేస్తుంది, ఫ్రేములో కొంత భాగానికి వెలుగే తగలదు. షాపుకి తీసుకెళ్లి చూపిస్తే "ఎండ మరీ ఎక్కువైతే అంతే సార్" అన్నారు. ఆ మాటకి కోపం కన్నా నవ్వే ఎక్కువ వచ్చింది.

అందుకే ఇప్పుడు ఎక్కడ కొన్నా, కోఠిలో షాపైనా, ఎర్రగడ్డ ఆదివారం సంతలో గోనెపట్టా మీద పరిచిందైనా, వెనక తలుపు తీయకుండా ధర అడగను.

కౌంటర్ దగ్గర పది నిమిషాలు

లోపల రీలు లేదని నిర్ధారించుకుని వెనక తలుపు తీయండి. తలుపు అంచుల్లో నల్లటి స్పాంజి ఉంటుంది, వెలుగు చొరబడకుండా. చూపుడు వేలు ఆనించండి. తారులా జిగటగా అంటుకుంటే ఆ స్పాంజి చచ్చిపోయినట్టే. ఇది పెద్ద జబ్బు కాదు, స్పాంజి మార్చుకోవచ్చు, కానీ బేరంలో వెయ్యి తగ్గించమనడానికి మంచి సాకు.

తర్వాత షట్టర్. లెన్స్ తీసేసి, కెమెరాని ట్యూబులైటు వైపో కిటికీ వైపో పెట్టి, వెనక నుంచి చూస్తూ ఒక్కో స్పీడు నొక్కండి. 1 సెకను పెడితే "ఒకటి" అని మనసులో అనుకునేంత సేపు తెరుచుకోవాలి. సగంలో ఆగి గింజుకుంటే గ్రీజు ఎండిపోయినట్టు. 1000 దగ్గర ఫ్రేము మొత్తం ఒక్క మెరుపులా కనిపించాలి. ఒక పక్క చీకటిగా ఉంటే గండికోట గుర్తు తెచ్చుకోండి. కంటికి దొరక్కపోతే ఫోన్లో స్లో మోషన్ వీడియో తీయండి. షట్టర్ తెరని వేలితో మాత్రం ముట్టుకోకండి, బట్ట తెరైనా సరే, రేకు తెరైనా సరే.

లెన్స్ లోపలి రంధ్రాన్ని పూర్తిగా తెరిచి ఫోన్ టార్చి ఒక వైపు నుంచి వేసి ఇంకో వైపు నుంచి చూడండి. దుమ్ము రేణువులు కనిపిస్తాయి, వాటి గురించి టెన్షన్ వద్దు. సాలెగూడు దారాల్లా కొమ్మలు కొమ్మలుగా పాకిందంటే అది బూజు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో పెరిగిన కెమెరాలకి ఇది ఎక్కువ. తోలు కేసులో భద్రంగా దాచినవాటికి ఇంకా ఎక్కువ, ఎందుకంటే తోలు తేమని పట్టి ఉంచుతుంది. అంచున చిన్న మరక ఉంటే ఫోటోలో తెలియదు. మధ్యలో ఉంటే వదిలెయ్యండి. కొన్నాక కూడా కెమెరాని తోలు కేసులో పెట్టకుండా గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి.

బ్యాటరీ గది మూత తీయండి. పచ్చటి, తెల్లటి పొడి ఉంటే పాత బ్యాటరీ కారింది. పైపైన ఉంటే వెనిగర్ ముంచిన దూదితో పోతుంది. వైర్ల దాకా పాకితే పోదు. అరవై, డెబ్బైల కెమెరాలు కొన్ని 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీ కోసం చేసినవి, అవి ఇప్పుడు దొరకవు. వేరే వోల్టేజీ బ్యాటరీ వేస్తే చాలావాటిలో మీటర్ తప్పు చెబుతుంది. ఫోన్లో లైట్ మీటర్ యాప్ ఉంటే ఇదేమంత అడ్డు కాదు.

సెల్ఫ్ టైమర్ మీట ముట్టుకోకండి. ముప్పై ఏళ్లు కదలనిది ఇప్పుడు కదిపితే మధ్యలో ఇరుక్కుని షట్టర్‌నే పట్టేసుకుంటుంది. కెనాన్ ఏఈ-1 చూస్తుంటే నొక్కినప్పుడు కీచుమంటుందేమో వినండి. దగ్గులాంటి ఆ చప్పుడు వస్తే సర్వీసింగ్ డబ్బులు కూడా కలుపుకుని బేరమాడండి. పైగా దాని షట్టర్ బ్యాటరీ లేకుండా కదలదు, అమ్మేవాడి దగ్గర బ్యాటరీ లేకపోతే మీరే ఒకటి జేబులో వేసుకెళ్లండి.

ఆన్‌లైన్‌లో అయితే ఈ పరీక్షలేవీ కుదరవు. "రీలు లేక చెక్ చేయలేదు" అని రాసి ఉంటే పాడైందనే అనుకుని ధర కట్టండి. పైన చెప్పిన షట్టర్ వీడియో, లెన్స్‌లో టార్చి వేసిన ఫోటో అడగండి. పంపనంటే అక్కడే అర్థమైపోతుంది.

మరి ఎవరికి ఏది

ఏడాదికి రెండు మూడు రీళ్లు, స్నేహితులతో ట్రిప్పులు, పగటి వెలుగు, సరదా. ఇంతే అనుకుంటే కొత్త ప్లాస్టిక్‌దే కొనండి, సంకోచం వద్దు. 400 స్పీడు ఫిల్మ్ వాడండి. హాఫ్ ఫ్రేమ్ తీసుకుంటే రీలు ఖర్చు సగమవుతుందని అంటారు. అది నిజమే కానీ కొన్ని ల్యాబ్‌లు స్కానింగ్‌కి ఎక్కువ తీసుకుంటాయి, ముందే కనుక్కోండి. పైగా 72 ఫోటోల రీలు అయిపోవడానికి నెలలు పడుతుంది. సంక్రాంతికి ఎక్కించింది ఉగాదికి కూడా కెమెరాలోనే ఉంటుంది.

ఫోటోగ్రఫీ నేర్చుకుందామని ఉంటే కొత్తదాంట్లో నేర్చుకోవడానికి ఏమీ లేదు, తిప్పే చక్రమే లేదు. చూసి కొన్న పాత ఎస్ఎల్ఆర్, ఒక 50 ఎంఎం లెన్స్, అంతే. దగ్గర్లో రిపేర్ చేసే పెద్దాయన ఒకరు ఉంటే గేర్ల కెమెరా, లేకపోతే పైన చెప్పిన ఆటోఫోకస్ ఎస్ఎల్ఆర్. మొదటి రీలు పెళ్లికో యాత్రకో వాడొద్దు. ఇంటి చుట్టూ, అన్ని స్పీడుల్లో, ఏది ఏ స్పీడో కాగితం మీద రాసుకుంటూ తీసి కడిగించండి. ఆ 1,500ని కెమెరా ధరలో భాగంగానే చూడండి. రీలు ఎక్కించాక ఫిల్మ్ జరిపే మీట తిప్పుతున్నప్పుడు ఎడమవైపు చుట్టే పిడి కూడా తిరుగుతోందో లేదో గమనించండి. తిరగకపోతే ఫిల్మ్ పట్టుకోలేదు, మీరు 36 సార్లు ఉత్తిగా క్లిక్‌మనిపిస్తారు. ఈ తప్పు చెయ్యని ఫోటోగ్రాఫర్ నాకింకా కనపడలేదు.

కడిగించేటప్పుడు నెగటివ్‌లు తిరిగి ఇమ్మని అడగండి. స్కాన్లు పంపి నెగటివ్‌లు పారేసే ల్యాబ్‌లు ఉన్నాయి.

మా అన్నయ్య కూతురి విషయానికొస్తే, ఆ రెండూ కొనలేదు. భీమవరంలో వాళ్ల అమ్మమ్మగారి బీరువాలో ఎంఎఫ్-2 సూపర్ దొరికింది, బ్యాటరీ గదిలో పచ్చటి తుప్పుతో. వెనిగర్‌తో తుడిచాం. మొదటి రీలులో 31 వచ్చాయి, అందులో ఆరు అమ్మమ్మవే, పెరట్లో కరివేపాకు చెట్టు కింద. ఇప్పుడు మళ్లీ ఒక కె1000 లింకు పంపింది. ఈసారి కింద "షట్టర్ వీడియో అడిగాను బాబాయ్, ఇంకా పంపలేదు" అని ఉంది.